వాలుగ కోసం కాదు

మా ఆయన వాలుగ చేప మీద ఆశతో ప్రాణం పోగొట్టుకున్నారని మా వీధి వీధంతా తీర్మానించింది. దినం భోజనాలకి వచ్చి, గారెలు నములుతూ కూడా అదే మాట. నేను ఒప్పుకోను. ఆయన అసలు చేప ముట్టేవారే కాదు. పట్టినవన్నీ ఆ నమిలినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళేవి.

పగలు కడియం నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టడం, చీకటి పడ్డాక గోదారి రేవు. పెద్ద వాలుగ రాత్రిపూటే ఒడ్డుకొస్తుంది. గాలానికి కప్పను గుచ్చి విసిరి, తాడు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చునేవారు. లైటు వేయకూడదు. చేప కొరికిందో లేదో వేళ్ళే చెప్పాలి. తాడు చేతికి కట్టుకోవడం మాత్రం తప్పు. "కట్టుకున్నామా, చేపే మనల్ని పట్టినట్టు" అనేవారు.

చివరి ఏడాది నన్నూ రమ్మన్నారు.

"నేనెందుకండీ? నా నోటికి మీ చేపలు బెదిరిపోవూ?"

"పాతికేళ్ళుగా నేనే బెదరలేదు, అవేం బెదురుతాయే? రా."

తాడు నాచేత కూడా పట్టించి, ఉండుండి అడిగేవారు: "వచ్చిందా?"

"లాగుతోంది కదండీ, మీకు తెలీడంలేదా?"

"నీకు తెలుస్తోందో లేదో చూస్తున్నా."

డిగ్రీ చదివినదానికి ఈ పరీక్షలేంటని కసిరాను.

ఆయన పోయిన రోజు నేను మా అక్కతో అన్నవరం వ్రతానికి వెళ్ళి, రాత్రి కొండమీదే ఉండిపోయాను. ఆయన ఒక్కరే రేవుకి వెళ్ళారు. తెల్లారి నీళ్ళలో దొరికినప్పుడు తాడు మణికట్టుకి మూడు చుట్లు చుట్టి, ముడేసి ఉంది. రోజూ అంట్లు కట్టే చెయ్యి వేసిన ముడిలా లేదది. చిన్నపిల్లలు వేసినట్టు వంకరగా ఉంది. "చూశావా, ఎంత ఆశో!" అన్నారు అందరూ.

దినం అయిన మర్నాడు ఆయన మందుల డబ్బా సర్దుతుంటే అడుగున డాక్టరు చీటీ కనబడింది. షుగరు వల్ల చేతివేళ్ళకి స్పర్శ పోయిందని రాసుంది. తేదీ చూశాను. నన్ను మొదటిసారి రేవుకి రమ్మనడానికి వారం ముందుది.

ఆశ కాదండీ. ఆ రాత్రి "వచ్చిందా" అని అడగడానికి పక్కన నేను లేను. అందుకే ఆ చీకట్లో, స్పర్శ లేని వేళ్ళతో తాడు మణికట్టుకి కట్టుకున్నారు.

కూరలో ఉప్పు దగ్గర్నుంచి ప్రతిదానికీ నాతో వాదించిన మనిషి, ఈ ఒక్క మాట ఎందుకు దాచారు? చెబితే నేనేమంటాననుకున్నారు?