అత్త నలుగు పాట, నా స్టూడియో

ఈ మధ్య ప్రొద్దుటూరులో కారం దోసె మీద కారం రుద్దే చేయి తేలికైపోయింది. ఎర్రగా కనిపిస్తుంది కానీ కళ్లలో నీళ్లు రావు. అడిగితే, "అందరూ తినాల గదన్నా" అంటారు. ఈ దిగులు మరిచిపోవడానికే మైకుల వీడియోలు చూడడం మొదలుపెట్టానని ఇంట్లో చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. సంగీతంలో నాకున్న అర్హత చెవులు రెండూ పనిచేయడమే. అయినా ఇంట్లో చిన్న స్టూడియో పెట్టాలనిపించింది. కొత్తవాళ్లకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే ఎక్కువని తెలిసినవాళ్లంతా చెప్పారు. నేను మాత్రం తెర మీద రాకెట్ ప్రయోగంలా కనిపించేదాన్ని కొన్నాను. వీధి పక్క ఇంటికి, దగ్గరి గొంతును మాత్రమే పట్టే మామూలు మైకు చాలన్నారు. చూడ్డానికి బాగుందని, వీధి చివరి చప్పుడును కూడా వదలని కండెన్సర్ మైకు తెచ్చాను. అందులో మొట్టమొదట రికార్డయిన కళాకారుడు ఎర్రగడ్డలు అమ్మే ఆటో ఆయన. గది చుట్టూ బొంతలు వేలాడదీశాక ఆయన కాస్త తగ్గాడు.

అప్పుడే జమ్మలమడుగు నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. వాళ్ల వీధిలో ఏ పెళ్లయినా, నలుగు పెట్టేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. గొంతు దగ్గరి గడ్డకు ఆపరేషన్ చేయాలని, తర్వాత గొంతు ఎట్లా ఉంటుందో చెప్పలేమని డాక్టర్లు అన్నారట. కూతురి పెళ్లేమో ఆపరేషన్ తర్వాత.

"పాపకు నలుగు పెట్టేటప్పుడు నా పాట ఉండాలరా. నువ్వేందో మిషన్లు తెచ్చినావంట గదా, పట్టు" అంది.

వచ్చింది. మైకు ముందున్న గుండ్రటి వలను చూసి, "దీనికి గూడా దోమతెర కట్టినావా?" అని నవ్వింది. బొంతల మధ్య చెమటలు కక్కుతూ పాడింది. ఒక వరుస పాడడం, ఆగి, చేత్తో గాలిలో తాళం వేస్తూ తల ఊపడం, మళ్లీ ఇంకో వరుస. పాపం, ఆయాసపడుతోందనుకున్నాను. ఎందుకు ఆగుతోందో ఆమెను అడగాలని తోచలేదు.

నేను కొన్న సాఫ్ట్‌వేర్‌లో నిశ్శబ్దాన్ని తీసేసే బటన్ ఒకటుంది. ఆమె ఊరికి పోయాక నొక్కాను. పాట సగానికి తగ్గింది, ఆయాసమన్నదే లేకుండా. గర్వంగా అనిపించింది. తర్వాత వయొలిన్ల శబ్దాలు డౌన్‌లోడ్ చేసుకోవడానికి కంప్యూటర్‌లో చోటు చాలకపోతే, అత్త అసలు రికార్డింగును తీసేశాను. ఆ వయొలిన్లను ఇంతవరకు వాడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది.

నలుగు రోజు పెళ్లికూతురిని పీట మీద కూర్చోబెట్టి, సున్నిపిండి కలిపి, ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. పులివెందుల నుంచి పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా వచ్చారు. కిటికీలో స్పీకర్ పెట్టి పాట వేశాను. అత్త గొంతు వినగానే అందరి ముఖాలూ విప్పారాయి. మొదటి వరుస అయింది. దాన్ని అందుకోవడానికి ఆడవాళ్లు నోరు తెరిచారు. అప్పటికే రెండోది మొదలైంది. నవ్వుకుని మళ్లీ ప్రయత్నించారు. మూడోది తరుముకొచ్చింది.

"ఏందక్కా, బస్సు పోతాందా నీకు?" అంది పక్కింటామె. ఒక్కసారిగా నవ్వారు. కాసేపటికి ఆ నవ్వూ ఆగింది. మాటాపాటా లేకుండా చేతులు మాత్రం పిండి రుద్దుతున్నాయి.

చిన్నప్పటి నుంచి ఈ పాటలు విన్నవాణ్ణే. కాకపోతే మగవాళ్లం వాటిని వరండాలో కాఫీలు తాగుతూ వింటాం. ఎవరు ఎత్తుకుంటున్నారు, ఎవరు అందుకుంటున్నారు అని ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

పులివెందుల ఆవిడ ఒకరు నా వైపు తిరిగి, "శానా బాగుందప్పా, రేడియో మాదిరి" అంది. ఆ మర్యాదకు తలెత్తలేకపోయాను. తిట్టి ఉంటే కొంత నయం.

అత్త పిండి గిన్నె పట్టుకునే నా దగ్గరికి వచ్చింది. ఆమె మాట వినాలంటే వంగాల్సి వచ్చింది.

"నేను ఆపి ఆపి పాడింటి గదరా. ఆ సందులు యాడబోయినాయి?"

"ఖాళీగా ఉండాయని తీసేసినా అత్తా."

"సరే, నేను ముందర పాడినదాన్నే పెట్టు."

"అది గూడా లేదత్తా."

స్పీకర్‌లో ఆమె గొంతు ఎక్కడా ఆగకుండా పాడుతూనే ఉంది. ఆమె పీట చుట్టూ కూర్చున్న వాళ్లను చూసింది.

"అవి వాళ్లు పాడే సందులురా. నావి గూడా కాదు. నువ్వెట్ట తీసేస్తివి?"