తీగ తెగిన పెట్టె మోగిన మధ్యాహ్నం

దయ్యాల కథలు నేను నమ్మను. పోయినవాళ్ళు తిరిగొచ్చారనో, ఖాళీ ఇంట్లో చప్పుళ్ళు విన్నామనో ఎవరైనా నా దగ్గరికొస్తే, ప్రార్థన చేసుకుని పడుకోమని పంపేస్తాను. నేను నమ్మేది దేవుణ్ణి. ఆయన చేశాడని చెప్పే ముందు కూడా నాలుగుసార్లు ఆలోచించాలని నమ్ముతాను. మా క్రైస్తవ సంఘంలో ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేస్తే, ముందు పక్కకి పిలిచి "నువ్వు కళ్ళారా చూశావా, ఎవరన్నా చెబితే విన్నావా?" అని అడిగే పెద్దను నేనే. వెనకాల నన్ను వకీలు పెద్ద అంటారని నాకు తెలుసు.

అలాంటి నాకే ఇది జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గురజాల దగ్గర మా సంఘానికి ఒక బడి ఉంది. గుడీ బడీ ఒకే ఆవరణలో ఉంటాయి. నేను ఆ బడికి కరస్పాండెంట్‌ని. మా లెక్కల టీచరు ఎస్తేరు రాణి. కంప్యూటర్లు కూడా ఆమే చూసుకునేది. బడికి నెట్‌వర్క్ పెట్టాలని సంఘం అనుకున్నప్పుడు, ఏం కొనాలో తేల్చే పని ఆమెకే అప్పగించాం. కోత పండుగలో విశ్వాసులు తెచ్చిన మిరపకాయల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్ళు వేలం వేయగా వచ్చిన కానుక అది. దాన్ని వృథా చేసే హక్కు ఎవరికీ లేదు.

వేరొకరైతే షాపువాడు చూపించిన రంగుల కాగితం చూసి సంతకం పెట్టేవారు. ఎస్తేరు మాత్రం వినుకొండ, బెల్లంకొండ, మాచర్ల బస్సులెక్కి తిరిగింది. బళ్ళకి వెళ్ళింది, చిన్న ఆసుపత్రులకి వెళ్ళింది. మీరేం కొన్నారని కాదు, అది చెడిపోయినప్పుడు ఏం చేశారని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి అందరూ మనసు విప్పి చెప్పారట.

ఒక బళ్ళో ఫైర్‌వాల్ కొన్నారు గానీ, ఏడాది కాగానే దాని లైసెన్సు పొడిగించలేదు. పిల్లలు చూడకూడనివి ఆపడానికి కొన్నది, ఏమీ ఆపకుండా ఊరికే లైట్లు మిణుకుమంటూ కూర్చుంది. ఇంకోచోట కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్‌ని రేకుల గదిలో పెడితే మన ఎండలకి మాడిపోయింది. ఇవన్నీ విని, లైసెన్సు కొన్నేళ్ళకి కలిపి ఇచ్చే చిన్న ఫైర్‌వాల్, ఫ్యాన్ లేని స్విచ్, రెండు డిస్కులున్న స్టోరేజి పెట్టె ఎంచింది. రాసిందల్లా రెండు డిస్కుల మీదా పడుతుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి తయారైన సరుకు కాకూడదని కూడా పట్టుబట్టింది. "కవల పిల్లలకి జ్వరం ఒకేసారి వస్తది అన్నయ్యా" అంది.

పెట్టెలో ఒక బీపర్ ఉంది. డిస్కు బలహీనపడినా, వేడెక్కినా కూస్తుంది. సామానంతా గుడి పక్కనున్న పాత గదిలో పెట్టించింది. మందపాటి గోడలు, చల్లగా ఉంటుందని.

ఇక మా వాళ్ళ సంగతి చెప్పాలి. మాకు ఏ వస్తువొచ్చినా ప్రార్థన చేసి ప్రతిష్ఠించడం అలవాటు. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక, ఒక సహోదరి భక్తితో ఆ పెట్టె మీద తెల్లటి కుట్టుపని గుడ్డ కప్పింది, గుడిలో ప్రభువు బల్లకి కప్పినట్టే. గాలాడక పెట్టె వేడెక్కింది. ఆదివారం సరిగ్గా ప్రసంగం మధ్యలో కూసింది.

ఎస్తేరు గుడ్డ తీసేది. వచ్చే వారానికి ఎవరో మళ్ళీ కప్పేవారు. మళ్ళీ ఆరాధనలో కూత. చివరికి సంఘంలో అందరికంటే పెద్దవాడైన ఏసోబు తాతయ్య లేచాడు.

"ఏందమ్మాయ్ ఇది? వాక్యం చెబుతుంటే కీచుపిట్ట మాదిరి! దాని నోరు మూయించు."

"తాతయ్యా, ఏదైనా తేడా వస్తే అది మనల్ని పిలవాలనే కొన్నాం. గుడ్డ కప్పకుండా ఉంటే చాలు."

"మా గుడ్డ తప్పా? దేవుడి సొమ్ముతో కొన్నదాన్ని దుమ్ములో వదిలేస్తారా?"

పెద్దలం కూర్చుని బీపర్ ఆపించాలని తీర్మానించాం. నరసరావుపేట నుంచి ఖాదర్ అనే మెకానిక్ వచ్చాడు. సెట్టింగుల్లో ఆపితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదలయ్యేది. విసుగొచ్చి లోపలి తీగే కత్తిరించి, కొసలకి టేపు చుట్టాడు. ఎస్తేరు వాదించలేదు. రోజూ పొద్దున్నే వచ్చి తనే చూసుకుంటానంది.

ఆ పెట్టెలో ఆమె దాచింది తన పాఠాలు. మిరప కోతలకి తల్లిదండ్రులతో వెళ్ళిపోయే పిల్లలకి వారాల తరబడి బడి పోతుంది. వాళ్ళు తిరిగొచ్చాక ల్యాబులో కూర్చుని వినడానికి, లెక్కలన్నీ తన గొంతుతో రికార్డు చేసింది. ఫోనులో చోటు చాలక, పెట్టెలోకి ఎక్కించినవి ఫోనులోంచి తీసేసేది. వేరేచోట ఇంకో కాపీ ఉండాలని మాకు చెబుతూనే వచ్చింది. వచ్చే కోత పండుగకి చూద్దామన్నాం.

ఈలోపు ఆమె గొంతులో గడ్డ వచ్చింది. గుంటూరులో ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అప్పటి నుంచి ఆమె మాట్లాడిన మాటలు లోకంలో మిగిలింది ఆ ఒక్క పెట్టెలోనే.

అది ఎండాకాలం సెలవులప్పుడు, ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన. లైను పని ఉందని పొద్దుటి నుంచీ ఊళ్ళో కరెంటు లేదు. మా యూపీఎస్ బ్యాటరీల కోసం ఖాదర్ షాపులో ఉంది. సెలవులు గదా అని పెట్టె ప్లగ్గు కూడా నేనే తీసేసి, గదికి తాళం వేశాను. ఉపవాస ప్రార్థనకి వచ్చేవాళ్ళు ఫోన్లు ఆపేసి గుమ్మం దగ్గర బుట్టలో పెడతారు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, చదివేవాళ్ళకి వచ్చే అనుమానాలన్నీ నాకూ వచ్చాయి.

మధ్యాహ్నం అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. బీప్ వినిపించింది. ఆగి, మళ్ళీ. నేను కళ్ళు తెరిచేసరికి ఏసోబు తాతయ్య గట్టిగా అంటున్నాడు:

"మళ్ళీ కూస్తందేందమ్మాయ్! తీసేయించాంగా!"

ఎస్తేరు అప్పటికే లేచి పక్క తలుపు వైపు వెళుతోంది. నేను తాళంచెవి తీసుకుని వెంట నడిచాను. తాళం తిప్పుతున్నప్పుడు కూడా విన్నాను. తలుపు తెరవగానే ఆగిపోయింది.

గోడ వెంట నీళ్ళు కారుతున్నాయి. పైనున్న ట్యాంకు పైపు ఎండకి పగిలింది. పెట్టెకి సరిగ్గా పైన కప్పు ఉబ్బి ఉంది. ప్లగ్గు నేను తీసిపెట్టినట్టే నేల మీద ఉంది. ఎస్తేరు పెట్టె మీది గుడ్డ లాగిపారేసి, తీగలు ఊడదీసి, దాన్ని గుండెకి హత్తుకుంది. నేను స్విచ్ కూడా తీద్దామని వంగాను. అరిచి చెప్పడానికి ఆమెకి గొంతు లేదు కదా, నా చొక్కా కాలరు పట్టుకుని గుమ్మం బయటికి ఈడ్చింది. అప్పుడే కప్పు పెచ్చులు పెట్టె ఉన్న బల్ల మీద పడ్డాయి. బల్ల కాలు విరిగింది.

సాయంత్రానికి ఖాదర్ వచ్చి పెట్టె విప్పాడు. తీగ కొసలు విడివిడిగానే ఉన్నాయి. అతను చుట్టిన టేపు చెక్కుచెదరలేదు.

"ఇది మోగే ఛాన్సే లేదు సార్. కరెంటున్నా మోగదు."

"లోపల బ్యాటరీ ఏమన్నా?"

"గడియారానికి చిన్న బిళ్ళ ఉంది. దాంతో ఇది కూయదు."

"మరి ముగ్గురం విన్నామయ్యా."

"నేను మెకానిక్‌ని సార్. అది మీ అయ్యగార్ని అడగండి."

ఆ రోజు ప్రార్థనకి వచ్చిన ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. మేం ముగ్గురం తప్ప ఎవరూ వినలేదు. మేం లేవడం చూశామన్నారు, తాతయ్య కేక విన్నామన్నారు. అంతే.

అయ్యగారికి సంతోషం పట్టలేదు. ఆదివారం నువ్వే సాక్ష్యం చెప్పాలన్నారు. నేను తటపటాయిస్తుంటే ఎస్తేరు తన ఫోనులో టైపు చేసి నాకు చూపించింది: "సాక్ష్యం తర్వాత చెప్పుకోవచ్చు అన్నయ్యా. ముందు ఇంకో కాపీ తీయించండి."

కప్పు పెచ్చులు ఊడిన దుమ్ము ఇంకా అణగను కూడా లేదు. ఆమెకి గుర్తొచ్చింది పిల్లలు. అంత నిదానం నేను ఏ బోధకుడిలోనూ చూడలేదు. ఆ రాత్రే ఖాదర్ కాపీ తీశాడు. అదిప్పుడు మాచర్లలో మరో సంఘం వాళ్ళ బళ్ళో ఉంది.

ఈ ఏడాది మిరప కోతల నుంచి పిల్లలు తిరిగొచ్చారు. ల్యాబులో ఎస్తేరు గొంతు భిన్నాలు చెబుతుంటుంది, బోర్డు దగ్గర ఎస్తేరు ఆ మాటలకి సరిగ్గా అందేలా అంకెలు వేస్తుంటుంది. ఎవడైనా తెలియలేదని చెయ్యెత్తితే పాఠం ఆపి, వాడి పక్కన కూర్చుని వేళ్ళతో చెబుతుంది. అది చూడటానికి నేను కిటికీ దగ్గర నిలబడుతుంటాను.

దేవుడే చేశాడని చెప్పడం నాకు తేలిక. ఆయన చేయగలడనడంలో నాకు సందేహం లేదు. కానీ పాతికమంది మోకరించిన చోట ముగ్గురికే ఎందుకు వినిపించిందో, రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. అందుకే నేను ఇప్పటికీ ఆ సాక్ష్యం చెప్పలేదు.

ఖాదర్ తీగ కలిపి బీపర్‌ని పరీక్షించిన రోజు ఏసోబు తాతయ్యని కూడా పిలిచాను. గుడిలో అదే చోట కూర్చోబెట్టాం. పక్క గదిలోంచి కూత వచ్చింది.

"ఇదే కూత," అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "కాకపోతే ఆ రోజు గదిలోంచి రాలా. నా పక్కన ఎవరో కూర్చోని కూసినట్టుండె."

 నాకూ ఆ రోజు అలాగే, నా పక్క నుంచే వినిపించింది.