ఒట్టు వెయ్యకుండా ఆడిన అబద్ధం

పదిహేనేళ్ల కుర్రవాడొకడు ప్రిన్సిపాల్ గదిలో నిలబడి, దేవుడి పటం మీద ఒట్టు వెయ్యనని తెగేసి చెప్పాడని వింటే మీరు చప్పట్లు కొడతారా, లేక వాణ్ణి ఏ సంగతి మీద ఒట్టు వెయ్యమన్నారని అడుగుతారా?

నాకు తెలుసు. మీరు చప్పట్లు కొట్టారు. ఆ కుర్రవాడు నేనే. మూఢనమ్మకాల మీద నేను రాసిన మొట్టమొదటి వ్యాసం ఆ సంఘటనతోనే మొదలవుతుంది. ఆ తర్వాత ఎన్ని సభల్లో ఆ కథ చెప్పానో గుర్తు లేదు. చెప్పిన ప్రతిసారీ సగమే చెప్పాను. మిగిలిన సగం ఇరవై ఏళ్లకు దగ్గరగా నా లోపలే ఉంది. ముల్లులా గుచ్చుకుంటూ ఉందని రాస్తే బాగుండేది, కానీ గుచ్చుకోలేదు. ఉత్త బరువుగా ఉంది. ఏళ్ల తరబడి బరువు మోసేవాడి నడక మారిపోతుంది, మారినట్టు వాడికే తెలియదు. నా నడక అలాగే మారింది. జనం దాన్ని హుందాతనం అనుకున్నారు.

దీని కింద నా పేరు పెట్టడం లేదు. నా పేరు తెలిస్తే బడి తెలుస్తుంది, బడి తెలిస్తే ఆ అమ్మాయి తెలుస్తుంది. మంచి కారణమే. మంచి కారణాలకు నా దగ్గర ఏనాడూ లోటు లేదు.

మా నాన్న యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. గుంటూరు వైపు నుంచి హైదరాబాద్ వచ్చి క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఆదివారం మా ముందుగదిలో చర్చ జరిగేది. దేవుడున్నాడా, కులం ఎలా పోతుంది, ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఎందుకివ్వాలి. పెద్దలు గొంతులు చించుకుంటుంటే నేను గోడకానుకుని వినేవాణ్ణి. స్త్రీ స్వేచ్ఛ మీద జరిగిన ఆ చర్చల్లో మా అమ్మ చేసే పని లోపలి నుంచి టీ తేవడం. అది ఆ గదిలో ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు. దేవుడు లేడని నిరూపించడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. బడి ప్రార్థనలో చేతులు జోడించడం మానేశాను. టీచర్లు మొదట తిట్టారు, తర్వాత గౌరవించడం మొదలుపెట్టారు. ఆ గౌరవం నాకు నచ్చింది. దాని కోసమే నాస్తికుణ్ణయ్యానా? ఇప్పుడు అనుమానం వస్తోంది.

బడి తార్నాకలో, చౌరస్తాకు కాస్త లోపలి సందులో. కాపురాల కోసం కట్టి బడిగా మార్చిన మూడంతస్తుల ఇల్లు. ఒక్కటే మెట్ల దారి. ఇద్దరు పక్కపక్కన దిగితే భుజాలు రాసుకుంటాయి. ఆ మెట్ల మీద మా పదో తరగతి మగపిల్లలు ఒక ఆట కనిపెట్టారు. బెల్లు కొట్టాక దిగే గుంపులో ఆడపిల్లకు మోచెయ్యి తగిలిస్తే సింగిల్. చెయ్యి వేస్తే ఫోర్. గేటు దగ్గర స్కోరు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు.

ఆటకు కెప్టెన్ వినయ్. అది వాడి అసలు పేరు కాదు. టీచర్ల దగ్గర వాడంత మర్యాదస్థుడు లేడు. మంగళవారం నుదుట సింధూరం పెట్టుకోకుండా బడికి వచ్చేవాడు కాదు. నన్ను స్వామీజీ అని పిలిచేవాడు. దేవుణ్ణి నమ్మనివాడికి ఆ పేరు పెట్టడం వాడి హాస్యం. ఒకరోజు మెట్ల పైన నా భుజం మీద చెయ్యి వేసి, "ఏంది స్వామీజీ, ఇంకా ఖాతా తెరువలే? పుస్తకాలు సదివితే దమ్ము రాదురా భై," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ నవ్వు ఆపడానికి, దిగేటప్పుడు నా ముందున్న అమ్మాయికి మోచెయ్యి తగిలించాను.

ఆమె వెనక్కి తిరగలేదు. వీపు మీది బ్యాగు తీసి గుండెలకు అడ్డంగా పెట్టుకుని దిగిపోయింది. ఆమె ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు. జడ, బ్యాగు తప్ప నేనేమీ చూడలేదు. మా బడిలో ఆడపిల్లలంతా బ్యాగులు ముందు వైపు ఎందుకు వేసుకుంటున్నారో ఒక్క టీచరు కూడా అడగలేదు. ఫ్యాషన్ అనుకున్నారేమో. నేనైతే క్యాంపస్ గేటు చేరేలోపే తర్కంతో అంతా సర్దేసుకున్నాను. ఇరుకు మెట్లు, గుంపు, కావాలని తగిలించానని ఎవరు నిరూపించగలరు? ఆకాశంలోని దేవుణ్ణి ప్రశ్నించే వీరుడు నలుగురు వెధవల నవ్వు ముందు ఒక్క క్షణం నిలవలేకపోయాడు.

స్రవంతి మా క్లాసే. ఇదీ అసలు పేరు కాదు. తండ్రికి రైల్వేలో ఉద్యోగం, మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఇల్లు. జనగామ వైపు సేద్యం చేసుకునే కుటుంబంలో నౌకరీకని హైదరాబాద్ వచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆ పిల్ల లెక్కల్లో మా అందరికంటే ముందు. ఒక మధ్యాహ్నం ల్యాబ్ నుంచి దిగుతుంటే వినయ్ ఆమె మీద చెయ్యి వేశాడు. మిగతా అమ్మాయిల్లా ఆమె తల దించుకుని దిగిపోలేదు. గిర్రున తిరిగి వాడి కాలర్ పట్టుకుంది. మూడంతస్తులకూ వినపడేలా వాడి పేరు పెట్టి అరిచింది. అట్నుంచి అటే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది.

నేను సరిగ్గా వాళ్ల పై మెట్టు మీద ఉన్నాను. చూశాను. వాడి చెయ్యి చూశాను, ఆమె ముఖం చూశాను.

ప్రిన్సిపాల్‌కు విచారణ అంటే ఒకటే పద్ధతి. బడిలో పెన్ను పోయినా, కొట్లాట జరిగినా పిల్లల్ని గదిలోకి పిలిచి సరస్వతి పటం మీద చెయ్యి వేసి చెప్పమనేవాడు. ఆ సమయంలో మెట్ల మీద ఉన్న మగపిల్లలందరూ మర్నాడు తన గదికి రావాలన్నాడు. సాయంత్రం క్యాంపస్ గ్రౌండు మెట్ల మీద మావాళ్లు చేరారు. వినయ్ ముఖంలో నెత్తురు లేదు. పబ్లిక్ పరీక్షలు దగ్గరికొచ్చాయి, సరస్వతి మీద దొంగ ఒట్టు వేస్తే ఫెయిలైపోతామని అందరికీ భయం. ఆడపిల్ల ఒంటి మీద పడ్డప్పుడు వణకని చెయ్యి, పటం మీద వెయ్యాలంటే వణికింది. ఇదీ వాళ్ల భక్తి. అందరూ నా వైపు తిరిగారు. ఒట్టు నాకు అంటదు కదా, పైగా నా మాటంటే సార్‌కు గురి. ఆ సాయంత్రం వినయ్ నాకు టీ ఇప్పించాడు. మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను అమ్ముడుపోవడానికి అది చాలింది.

పొద్దున బడి సందు మొదట్లో జిరాక్స్ షాపు పక్కన స్రవంతి నా కోసం నిలబడి ఉంది.

"ఇయ్యాల సార్ పిలుస్తుండు గదా. నువ్వు నా ఎనక పై మెట్టు మీదనే ఉన్నవ్," అంది.

"గుంపు కదా. నాకు సరిగ్గా కనిపించలేదు."

"కనిపించింది. నా మొకం దిక్కే చూసినవ్."

నేను జిరాక్స్ షాపు బోర్డు చదువుతున్నాను.

"వాళ్లు పటం జూసి నిజం చెప్తరో లేదో నాకు తెల్వది. నువ్వు దేవునికే భయపడవు గదా. ఇగ వినయ్‌గానికి భయపడ్తవా? అందుకే నిన్ను అడుగుతున్న. మా నాయిన బడి మాన్పిస్తనంటుండు. నువ్వొక్కనివి చెప్తే సాలు."

"చూద్దాం," అన్నాను.

ఆమె తలూపింది. మాటిచ్చినట్టే తీసుకుంది.

ఇన్నేళ్లలో నా గురించి ఎందరో ఎన్నో గొప్ప మాటలు రాశారు. నన్ను అంతగా నమ్మినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. భయం లేనివాడు నిజం చెబుతాడని పదిహేనేళ్ల పిల్ల తనంతట తాను తేల్చుకుంది. మా ముందుగది చర్చల్లో అంత మంచి వాదన నేను వినలేదు.

ప్రిన్సిపాల్ గదిలో మేం వరసగా నిలబడ్డాం. స్రవంతి పక్కన ఆమె తండ్రి. డ్యూటీ మధ్యలో పర్మిషన్ అడిగి వచ్చినట్టున్నాడు, ఖాకీ బట్టల్లోనే ఉన్నాడు. ప్రిన్సిపాల్ అగరొత్తి వెలిగించి వినయ్‌ను ముందుకు పిలిచాడు. వాడి చెయ్యి లేవలేదు. గడ్డం అదిరింది. ఇంకాసేపు ఆగితే ఏడ్చేసేవాడు. నేను బతుకంతా వెక్కిరించిన ఆ పటం, ఆ గుడ్డి భయం, ఆరోజు నిజాన్ని వాడి గొంతు దాకా లాక్కొచ్చాయి. దాన్ని వెనక్కి నెట్టింది నేను. హేతువాదిని.

ఒకడుగు ముందుకేసి అన్నాను. "సర్, నేను పటం మీద ఒట్టు వెయ్యను. నాకు నమ్మకం లేదు. ఊరికే చెబుతాను. గుంపులో తోసుకున్నారు. వినయ్ ఏమీ చెయ్యలేదు."

ప్రిన్సిపాల్‌కు ముందు కోపం వచ్చింది. తర్వాత ముఖం మెల్లగా మారింది. స్రవంతి తండ్రి వైపు తిరిగి, "నాకు కోపమొస్తుందని తెలిసి కూడా ఒట్టు వెయ్యనంటున్నాడు చూడండి, ఇంత ముక్కుసూటి పిల్లవాడు అబద్ధమెందుకు చెబుతాడు?" అన్నాడు. ఆ తర్వాత ఎవరినీ ఒట్టు వెయ్యమనలేదు. నా మాట మీద విచారణ ముగిసింది.

అర్థమైందా? మామూలు అబద్ధం చెప్పి ఉంటే పట్టుబడేవాణ్ణేమో. నేను ఒక నిజాన్ని ముందు పెట్టి దాని వెనక అబద్ధాన్ని నడిపించాను. నా సిద్ధాంతానికి మచ్చ రాలేదు. ఆ సిద్ధాంతాన్నే సాక్ష్యంగా వాడి ఒక ఆడపిల్లను అబద్ధాలకోరును చేశాను.

స్రవంతి ఏడవలేదు. నా వైపు చూసింది. ఆమె తండ్రి ప్రిన్సిపాల్‌కు దండం పెట్టాడు. వెళ్తూ నా దగ్గర ఆగి, "ఏమనుకోకు బిడ్డా," అన్నాడు. నాతో.

ఆమెను బడి మాన్పించారు. పరీక్షలకు మాత్రం తల్లి వెంట వచ్చి రాసి వెళ్లింది. ఆ తర్వాత ఏమైందో తెలియదు. మగపిల్లలంతా దిగాకే ఆడపిల్లలు దిగాలని బడిలో కొత్త రూలు పెట్టారు. ఆట ఆడినవాళ్లు ముందు ఇంటికి పోయారు, ఆటవస్తువులు పైన నిలబడ్డాయి. దీన్ని క్రమశిక్షణ అన్నారు.

ఇంట్లో నాన్నకు సగం కథ చెప్పాను. ప్రిన్సిపాల్ ఎదుట ఒట్టు వెయ్యనన్నానని. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆదివారం అందరి ముందూ చెప్పించారు. పెద్దలు నా వీపు తట్టారు. ఏ విషయంలో అని ఒక్కరూ అడగలేదు. ప్రతి విషయాన్నీ ప్రశ్నించాలని మాకు నేర్పినవాళ్లు వాళ్లే. అదే నా మొదటి సభ.

ఈమధ్య క్యాంపస్‌లో విద్యార్థుల ముందు అదే కథ చెప్పాను. చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, అసలు మిమ్మల్ని ఒట్టెందుకు వెయ్యమన్నరు? ఏమైంది ఆరోజు?" అని అడిగింది. ఇన్నేళ్లకు ఒక్క మనిషి. నేను తడుముకోకుండా, ఎవరో కిటికీ అద్దం పగలగొట్టారన్నాను. ఆమె కూర్చుంది. నమ్మినట్టు లేదు. ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో నేనే విన్నాను.

మా పదో తరగతి వాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. స్రవంతి అందులో లేదు. ఆమెను చేర్చుకోవాలని ఎవరికీ తట్టలేదు. ఇంటికి వచ్చి అందులో రాశాను. స్రవంతి చెప్పింది నిజం. నేను చూశాను. అబద్ధం చెప్పాను. ఆ ఆటలో నేనూ ఉన్నాను. తర్వాత మల్కాజ్‌గిరిలో ఉండే ఒకడు, ఇప్పుడెందుకు భై, అందరికీ ఫ్యామిలీలు ఉన్నయి అని రాశాడు. వినయ్ తెల్లారి దేవుడి బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టాడు. దాని కింద ఇంకో నలుగురు పూలు పెట్టారు. నా మాట ఆ పూల కింద పడి పైకి జరిగిపోయింది. మధ్యాహ్నం మా క్లాసు అమ్మాయి ఒకామె రాసింది, ఇప్పుడు ఆమె టీచరు. "మాకు అప్పుడే తెలుసు. అందరికీ తెలుసు. నీ నోట్లో నుంచి రావాలని చూసినం."

అందరికీ తెలుసు. ఇన్నేళ్లు నేను మోసింది రహస్యమని కూడా గొప్పగా చెప్పుకోలేను. ఆమె ఒక్కతే అబద్ధమాడిందని బడి విచారణ కాగితం మీద మిగిలింది, అది అబద్ధం కాదని తెలిసిన క్లాసంతా పరీక్షలు రాసి పాసైంది.

స్రవంతిని వెతికానా? లేదు. తలుపు తట్టి క్షమించమంటే నా బరువు తీసి ఆమె నెత్తిన పెట్టినట్టే. ఆమె క్షమించాల్సిన అవసరం లేదు. ఎవరూ క్షమించనక్కర్లేదు. రాసేశాక తేలిగ్గా ఉందా? సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఉంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని కూడా తెలుసు.

మీరు నన్ను తిట్టుకుంటూ ఈ పేజీ తిప్పేస్తారని కూడా తెలుసు. తిట్టండి, కానీ తిప్పకండి. మీ ఇంట్లో బడికి పోయే కొడుకు ఉన్నాడు. మంచి మార్కులు వస్తాయి, పెద్దల ముందు నెమ్మదిగా మాట్లాడతాడు, నాలాగే. వాళ్ల క్లాసులో ఏ అమ్మాయిని ఎవడు ఏం చేస్తున్నాడో వాడికి తెలుసు. ఈ సాయంత్రమే వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. చెప్పేదాకా లేవనివ్వకండి. రేపు పొద్దున సెలవు పెట్టి వాడి వెంట బడికి వెళ్లండి. ఆ అమ్మాయి తల్లిదండ్రుల ముందు, ఆమె వింటుండగా, వాడు చూసింది వాడి నోటితోనే చెప్పించండి.