అంచున నిలబడ్డ జవాను

1972. వరంగల్ చౌరస్తా దగ్గర నాది పటాలు కట్టే దుకాణం. పెయింటరు బోర్డు మీద ‘ఫ్రేమ్ వర్క్స్’కు బదులు ‘ప్రేమ్ వర్క్స్’ అని రాసి పోతే, దిద్దించడానికి బద్ధకించి ఊరుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడితో ఆగితే బాగుండేది. బొమ్మలో ముఖ్యులు నడుమనే ఉంటారనీ, అంచుల్లో ఉన్నదంతా తరుగేననీ చాలాకాలం నమ్మాను.

అంతకుముందు డిసెంబరులో యుద్ధం ముగిసి, పక్కన ఒక కొత్త దేశం పుట్టింది. ఓడిన సేనాని లొంగుబాటు పత్రం మీద సంతకం చేస్తుంటే, గెలిచిన సేనాని పక్కన కూర్చుని చూస్తున్న ఫోటో కాలెండర్లకు ఎక్కింది. బట్టల షావుకార్లంతా అదే పటం కట్టమన్నారు. మౌంట్, అంటే బొమ్మ చుట్టూ వచ్చే దళసరి అట్ట, నా దగ్గర ఒకే కొలతలో ఉండేది. దానికి సరిపడేలా అంచులు కోసేసేవాణ్ణి. కుర్చీల వెనక నిలబడ్డవాళ్ళు సగంమంది అలా పోయేవారు.

ఒకరోజు వర్ధన్నపేట నుంచి మల్లమ్మ అనే ఆమె వచ్చింది. గోడ మీది ఆ పటం ముందు చాలాసేపు నిలబడింది.

“అన్నా, దీని అంచులేడవోయినయి?”

“కొలతకు కోసిన చెల్లె. పెద్దోళ్లిద్దరు ఉన్నరు గద?”

“మా ఇంటాయన ఆ మూలకు నిలబడ్డడట. పట్నంల నిండు ఫోటో చూసినోళ్లు చెప్పిండ్రు. లడాయికి పోయినోడు మళ్ల రాలే. ఇంట్ల ఒక్క ఫోటో గూడ లేదు. నువ్వు కోసిన ముక్కలన్న ఇయ్యరాదు?”

ఆ ముక్కలు జిగురు కాచే పొయ్యిలోకి పోయాయని చెప్పడానికి నోరు రాలేదు. రేపు రమ్మన్నాను. బజారంతా తిరిగితే, ఒక కిరాణా కొట్టు వెనకగదిలో కోయని కాలెండరు దొరికింది.

మర్నాడు దాన్ని బల్ల మీద పరిచాను. ఆమె ఒక్కొక్కరినీ వేలితో దాటుకుంటూ కుడి అంచుకు వెళ్ళింది. అక్కడొక జవాను. ముఖం ముందువాడి టోపీ చాటున పడింది. ఒక చెవి, ఒక భుజం మాత్రం కనిపిస్తున్నాయి.

“ఈయనేనా చెల్లె?”

“చెవి గిట్లనే ఉంటది. నాగలి మోసిన భుజం గిట్లనే జర వంగుతది.” కళ్ళు తుడుచుకుని నవ్వింది. “ఇంటికాడ గూడ అంతే, పిలిస్తే మొకం సూపియ్యకపోతుండె.”

అవునో కాదో నాకు తెలియదు. ఆమెకైనా తెలుసో లేదో అడగలేదు. కత్తి పట్టే ముందు, ఎవరి మనిషి ఎక్కడ నిలబడ్డాడో కనుక్కోవాలని మాత్రం ఆ పూట నేర్చుకున్నాను.

ఇక నా తప్పు దిద్దుకోవడం మిగిలింది. మౌంటును కుడివైపుకు జరిపి, ఆ చెవీ భుజమూ నట్టనడుమకు వచ్చేట్టు కొలిచాను. పక్క దుకాణం సేటు తొంగిచూసి కేకేశాడు.

“అరే, అసలోళ్లనే కోస్తున్నవేంది? పిచ్చి లేసిందా?”

“వాళ్ల ఫోటోలు ఊరంత ఉన్నయి సేటూ” అని, సంతకం పెడుతున్న ఆ చేతి మీదుగా కత్తి లాగాను.