అంచు లేచిన చోట

చెప్పడానికో పద్ధతంటూ ఉంటుంది కదండీ. "ఇవాళ మీ వదిన గూడెంలో షాపు తియ్యలేదురా" అన్నాడు మా అన్నయ్య పోయిన వారం ఫోనులో. "అయితే ఇంట్లో వంట బాగా కుదిరిందన్నమాట" అన్నాను. అప్పుడు చెప్పాడు, తెల్లారేసరికి మా వదిన పోయిందని. గుండె ఆగిందట. నేనన్న ఆ ముక్క ఇంకా నా నోట్లోనే ఉంది.

తాడేపల్లిగూడెంలో గోళ్లకి జెల్ రంగు వేసే చిన్న షాపు ఆవిడది. నాది కొల్లేరు పక్కన చేపల చెరువు. చేపల మేతకని గూడెం వెళ్తే కాసేపు అక్కడే కూర్చునేవాణ్ణి. రంగు వెయ్యడం ఐదు నిమిషాలు, దానికి ముందు పని అరగంట. గోరు మొదట్లో అంటుకున్న పల్చటి చర్మం తీసి, గరుకు పుల్లతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచేవారు. తుడిచాక వేలు తగిలిందో, మళ్లీ మొదటికే. ఆ తర్వాతే పల్చటి పూత, దాన్ని కరెంటు దీపం కింద ఆరబెట్టి ఇంకో పూత.

"నున్నటి గోరుని గరుకు చేస్తారేంటండీ వదినగారూ?"

"మెరుపు పోతేనే పట్టు వస్తుందయ్యా."

ఒకసారి ఒక పెళ్లికూతురు వచ్చింది. ఇంకెక్కడో వేయించుకున్న రంగు బొటనవేలి దగ్గర అంచు లేచింది. వాళ్లమ్మకి తొందర. "రేపే పెళ్లండీ. పైన ఇంకో పూత వేసేయండి, ఎవరు చూడొచ్చారు?"

వదిన పాత రంగు తీశారు. కింద గోరు ఆకుపచ్చగా ఉంది, పాచి పట్టినట్టు.

"లోపల నీళ్లు చేరాయమ్మా. డాక్టరుకి చూపించండి."

"మీకు బేరం అక్కర్లేదా ఏంటండీ?"

"కప్పడానికైతే నేనెందుకమ్మా, చేతిరుమాలు చాలదూ!"

పోయిన నెల ఆవిడ మా ఊరొచ్చారు. అంతకు ముందే నేను చెరువు గట్టు ఎత్తు పెంచాను. పాత గట్టు మీది గడ్డి చెక్కి, మట్టి గరుకు చేశాకే కొత్త మట్టి పొయ్యాలి. రెండ్రోజులు కలిసొస్తాయని గడ్డి మీదే పోయించేశాను. గట్టు కింద పల్లంలో రెండిళ్లున్నాయి. వదిన వంగి, పాత మట్టికీ కొత్త మట్టికీ మధ్య సన్నటి గీతలో వేలు పెట్టారు. మొదటి కణుపుదాకా దిగింది.

"గడ్డి చెక్కలేదా?"

"ఇది గోరు కాదండీ వదినగారూ, గట్టు."

నా మాటకి నవ్వే మనిషి, నవ్వలేదు. "అంచు లేచిందయ్యా. వానలు పడకముందే తీసి మళ్లీ వేయించు" అన్నారు.

అలాగేనండీ అన్నాను. వేయించలేదు. గీత కనపడకుండా పైన నాలుగు తట్టల మట్టి మెత్తించాను.

వదినని కాటికి సాగనంపేటప్పుడు ఆవిడ చేతులు చూశాను. ఊరందరి గోళ్లకీ రంగులు వేసిన మనిషి, తన గోళ్లకి ఎప్పుడూ వేసుకోలేదు. చూపుడువేలి గోరులో మా గట్టు మట్టి ఉందేమోనని వెతికాను, పిచ్చి కాకపోతే.

నాలుగు రోజులుగా ఒకటే వాన. మెత్తిన మట్టి జారిపోయింది, గీత మళ్లీ బయటపడింది. ఇప్పుడు దాని పొడవునా తడి. ఊట తేటగా ఉన్నంతసేపు పర్వాలేదు, బురదగా వచ్చిందంటే లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. పల్లంలోని రెండిళ్లవాళ్లనీ పిల్లల్తో సహా స్కూలు మేడ మీదకి పొమ్మన్నాను. "సామాన్లు సర్దుకుని వెళ్తామండీ" అంటున్నారు. వాళ్ల సాయానికి మా ఆవిడ కిందికి దిగింది. ఇసక బస్తాల ట్రాక్టరు వచ్చేలోగా గట్టు మీద పాకలో కూర్చుని వదిన గురించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఇప్పుడు వదిన ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. ముందు ఆ లేచిన అంచు దగ్గర…

"ఏవండీ! ఇటు రండి! నీళ్లు బురదగా వస్తున్నాయి!"

మా ఆవిడ. వస్తున్నానే, ఆ పిల్లల్ని ముందు పైకి…