గుమ్మంలో పరిచిన బొంత

మా చిన్నప్పుడు... అమ్మ వీధరుగు మీద బొంత కుడుతుంటే గుడ్డ జారిపోకుండా నాలుగు మూలలా బరువులు పెట్టేది. మూడు మూలల మీద ఇత్తడి చెంబులు... నాలుగో మూల మీద నేను. "కదలకే గుంటా, కుట్టు వంకరపోతాది" అని కసురుతూనే ఉండేది.

అరవైల చివరి మాట. మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో ఏ వస్తువూ ఒక్క జన్మతో పోయేది కాదు. కిరసనాయిలు డబ్బాకి అడ్డంగా కర్ర కొడితే నీళ్ళు తోడుకునే డబ్బా. విరిగిన గొడుగు గుడ్డ నాకు బడిసంచీ. ఇక చీర సంగతి చెప్పక్కర్లేదు... కట్టి కట్టి మెత్తబడ్డాకే దానికి అసలు పని మొదలయ్యేది.

ఆ ఏడు కుట్టిన బొంత మా అప్ప కూతురి కోసం. అప్ప అంటే అక్క... మావైపు అలాగే పిలుస్తాం. పేరు పార్వతి. తొలికాన్పుకి మా ఇంటికొచ్చింది. ఆ బొంత లోపల మా అయ్య పాత పంచెలు, అప్ప చిన్నప్పటి పరికిణీ. పైన మా నాయనమ్మ చీర, ముదురాకుపచ్చది. నాయనమ్మ పోయేముందు "నా సీర ఎవరికీ ఇవ్వకండర్రా, పార్వతి పిల్లల కింద ఎయ్యండి" అని అడిగి మరీ పోయింది. పసిదాన్ని అత్తారింటికి పంపినప్పుడు అమ్మ ఆ బొంతలోనే చుట్టి పంపింది.

కొన్నాళ్ళకి పిల్లని చూసొద్దామని అమ్మా నేనూ బండి కట్టించుకుని గరివిడి వెళ్ళాం. వానాకాలం... దారంతా ఎర్ర బురద. వాకిట్లో కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళడానికి అమ్మ కాలెత్తింది.

ఎత్తిన కాలు అలాగే ఆగిపోయింది.

గుమ్మంలో మడతపెట్టి పరిచి ఉంది... మా బొంత. ఆ ఆకుపచ్చ గుడ్డ మీద ఎర్రటి బురద పాదాలు. పెద్దవి, చిన్నవి... చెప్పుల అచ్చులు కూడా.

"అమ్మా, మన బొంత!" అని అరిచాను.

అప్ప అత్తగారు నవ్వింది. "పాతగుడ్డలే కదే! పిల్లకి ఇజీనారంలో కొత్త రగ్గు కొన్నాం. ఇది కాళ్ళు తుడుసుకోడానికి బాగున్నాది. రా వదినా, లోపలికి రా."

"అది మా అత్త సీర వదినా," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఆవిడ మీద కాలెట్టి నానెలా వస్తాను?"

"ఎవరి సీరయితే ఏటి? నలుగురూ వచ్చే ఇల్లు మాది. ఉయ్యాల్లో ఆ మాసికలు కనపడితే ఏటనుకుంటారు?"

అమ్మ వెనక్కి తిరిగింది. వెళ్ళి అరుగు మీద కూర్చుంది. నాకైతే ఒళ్ళు భగ్గుమంది... చిన్నదాన్ని, ఏం చేయగలను?

అప్పుడొచ్చింది అప్ప, పిల్లని ఎత్తుకుని. అమ్మని చూసింది, గుమ్మాన్ని చూసింది. పిల్లని నా చేతుల్లో పెట్టి, వంగి, బొంత చుట్టి చంకన పెట్టుకుని నూతి వైపు నడిచింది.

"ఒసే పార్వతీ, ఏటది?"

"ఉతకాలత్తా."

అమ్మ లేచి వెనకాలే వెళ్ళింది, పిల్లతో నేనూ. ఇద్దరూ బండ మీద వేసి ఉతికారు. ఎర్రనీళ్ళు పోయి తెల్లనీళ్ళు వచ్చేదాకా ఉతికారు. చెరో కొస పట్టుకుని పిండుతుంటే అప్ప మెల్లగా చెప్పింది. "నానొక్కనాడూ కాలెట్టలేదమ్మా. దాటుకునే తిరిగినాను."

అంతవరకూ బిగబట్టుకున్న అమ్మ అప్పుడు ఏడ్చింది.

"మరి సెప్పలేకపోయావా?" అన్నాను నేను, కోపంగా.

"సెప్పేను. నా మాట ఎవులు ఇంటారు?"

ఆ ముసురులో బొంత ఎప్పటికి ఆరుతుంది! బండి గూడు కింద ఆరేసి, అమ్మ ఆ పక్కనే కూర్చుంది. లోపల్నుంచి భోజనానికి పిలుపొచ్చినా కదల్లేదు. వాన తెరిపిచ్చి గాలి తోలితే, సాయంత్రానికి తడి పోయింది. "ఇచ్చీవే, ఎత్తుకుపోతాను. మనింట్లో దీనికి సోటున్నాది" అని చెయ్యి చాపింది అమ్మ.

అప్ప ఇవ్వలేదు. లోపలికి వినపడేట్టు అంది, "ఇక్కడే ఉంటాదమ్మా. నా కూతురు కిందే ఉంటాది. ఆ రగ్గు ఏం సేసుకుంటారో వాళ్ళిష్టం."

లోపల ఏదో గిన్నె ధడేల్మని పడింది. ఎవరూ బయటికి రాలేదు. మా అప్ప ఆ ఇంట్లో గొంతెత్తడం అదే మొదలు. అప్పుడు అమ్మ గుమ్మం దాటింది. పిల్ల బొంత మీద నిద్రపోయేదాకా ఉండి, బయల్దేరాం.

అప్ప పిల్లలందరూ దాని మీదే పెరిగారు. ఆ అత్తగారు మాత్రం తప్పైందన్న ఒక్క మాట అనకుండానే పోయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు... నాకు పోలేదు మరి!

మొన్న విశాఖలో మా కోడలు ఏదో ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళింది. అక్కడ బొంతలు అమ్ముతున్నారు. కొత్త గుడ్డని రంగు వెలిసేట్టు ఉతికి, చిరుగు లేకపోయినా మాసికలు వేసి కుట్టారట! "పాతదానిలా కనపడటమే దీని అందం ఆంటీ" అంది అమ్మే అమ్మాయి.

పాతదానిలా కనపడేది కొనుక్కోవాలి... నిజంగా పాతదైతే సంచిలో కుక్కి చెత్తబండికి ఎత్తాలి! ఇదేం న్యాయం అండీ? ఆ మెత్తదనం మిషన్లో వస్తుందా? ఒక మనిషి ఏళ్ళ తరబడి కట్టుకుని, వంటచేసి, పిల్లల ముక్కులు తుడిస్తే వస్తుంది.

అమ్మ చీరలు రెండు నా బీరువాలో ఉన్నాయి. కుడదామంటే నా వేళ్ళకి సూది పట్టు పోయింది. పిల్లలకి ఆ కుట్టే తెలీదు.

మీ ఇంట్లో ఆఖరి బొంత ఎవరు కుట్టారు? అమ్మా, నాయనమ్మా, మేనత్తా... ఆవిడ పేరు కింద రాయండి. బొంతలు ఎటూ పోయాయి... కుట్టినవాళ్ళ పేర్లైనా నలుగురి నోటా పడనీయండి.