తొమ్మిదో వారం థైరాయిడ్ రిపోర్టు

మా అత్తగారు సున్నుండల డబ్బాతో నిజాంపేటలో మా గుమ్మం ముందు దిగిన ఉదయం నా కాపురంలో ప్రళయం వచ్చింది. తలుపు తీసిన నా భార్య సౌజన్య ముందు డబ్బాను చూసింది, తర్వాత వాళ్లమ్మను, ఆఖరున నన్ను. ఆ మూడో చూపుకి గోడ మీది బల్లి కూడా పక్కకు తప్పుకుంది.

నేరం ఇదీ. సౌజన్యకు అప్పుడు తొమ్మిదో వారం. మూడో నెల నిండేదాకా పిట్టక్కూడా చెప్పకూడదని నాతో ఒట్టు వేయించుకుంది. అంతకుముందు ఒకసారి తొందరపడి ఊరంతా చెప్పుకున్నాం. ఆ కడుపు నిలవలేదు. ఓదార్పు ఫోన్లు మాత్రం నెలల తరబడి నిలిచాయి. "ఈసారి అమ్మకు నా నోటితో నేనే చెప్పుకోవాలి," అంది.

థైరాయిడ్ రక్తపరీక్ష రిపోర్టు నా ఫోనుకు వచ్చేసరికి ఆమె హైటెక్ సిటీలో, ఆఫీసులో ఉంది. నేను ప్రగతి నగర్ చెరువు గట్టున కూర్చుని మబ్బుల్లో పాప పేర్లు వెతుక్కుంటున్నాను. నీళ్లలో అపార్ట్‌మెంట్లన్నీ తలకిందులై మెల్లగా ఊయలూగుతున్నాయి. టీఎస్‌హెచ్ 0.2. పక్కనే, తక్కువ అని లావు అక్షరాలు. మబ్బులన్నీ ఒక్కసారి నా నెత్తిన కురిశాయి.

డాక్టరమ్మ దొరికేది ఎల్లుండి. బుద్ధున్నవాడు ఆగుతాడు. నేను పత్రికలో సబ్ ఎడిటర్ని. ఏ వార్తయినా ఇద్దరి దగ్గర రూఢి చేసుకోనిదే అచ్చెయ్యం కదా!

మొదట మా డెస్కులో యాదగిరన్న. వాళ్లావిడ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది.

"అన్నా, మా దోస్తు భార్యకు థైరాయిడ్ తక్కువొచ్చింది. తొమ్మిదో వారం."

"మరి నీకెందుకు గింత పరేషాన్?"

"దోస్తు కదన్నా!"

"మంచిది తమ్మీ. గా దోస్తును మిఠాయి తెమ్మను, ఆఫీసుకు."

రెండోవారు... నవ్వకండి, మా అత్తగారే. థైరాయిడ్‌లో ఆవిడది ఇరవయ్యేళ్ల అనుభవం. భీమవరానికి ఫోన్ చేశాను.

"మా స్నేహితుడి భార్యకండి..."

"అలాగా బాబూ. ఆ అమ్మాయికి వేవిళ్లా?"

"ఉప్మా వాసన తగిలితే చాలండి, పరుగే."

"పాపం. సున్నుండలు ఇష్టమేనా?"

"ప్రాణమండి!"

గోడకు చెవులుంటాయంటారు. మా గోడకు నోరు కూడా ఉంది, అది నేనే. ఆవిడ ఆ సాయంత్రమే బస్సెక్కారు.

ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ రిపోర్టు చూసి నవ్వింది. "తొలి నెలల్లో గర్భం వల్ల పెరిగే హార్మోను థైరాయిడ్‌ను కాస్త తట్టి పని చేయిస్తుంది. అందుకే టీఎస్‌హెచ్ తగ్గుతుంది. అసలు థైరాయిడ్ హార్మోను టీ4 బాగానే ఉంది. ఈ కాగితం మీద వేసిన హద్దులు గర్భిణులవి కావు. నాలుగు వారాలకు మళ్లీ చేయిద్దాం."

"ఆ స్నేహితుడికి కూడా చెప్పండి బాబూ," అన్నారు అత్తగారు. "కంగారు పడుతుంటాడు."

నా ఇంటి వార్తను ఇక జన్మలో ఎవరి దగ్గరా రూఢి చేసుకోనని సున్నుండ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఆ సున్నుండను తినేశాను కాబట్టి ప్రమాణం కడుపులోనే భద్రంగా ఉంది.

ఒక్కటే తేలలేదు. అత్తగారి బస్సు టికెట్టు తర్వాత నా కంటబడింది. అది నేను ఫోన్ చేయడానికి ముందురోజు కొన్నది. "మరి మీకు ఎవరు చెప్పారండి?" అని అడిగాను. "చెప్పినవాళ్ల పేరు బయటపెట్టకూడదని మీ పత్రికల వాళ్లే అంటారుగా," అన్నారావిడ.

పాపకు ఇప్పుడు ఆరేళ్లు. ఆ టికెట్టు మాట ఎత్తితే సౌజన్య ఇప్పటికీ కిటికీలోంచి మబ్బుల వైపు చూస్తుంది.